ముప్పయ్యో రోజు అంకె

ఆయన ఫొటో చుట్టూ గులాబీ పూలు పెట్టి మా కంపెనీ వాళ్లు ఆఫీసు గ్రూపులో వేశారు. పూలు కూడా కంప్యూటర్లో అతికించినవే. కింద "మా కుటుంబ సభ్యుడు, మా మూలస్తంభం" అని రాశారు. ఆ కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. వాటిలో ఒకటి నాది. అలవాటు కొద్దీ వేలు నొక్కేసింది. నొక్కాక ఆ వేలిని చూసుకుంటే ఒళ్లు మండిపోయింది.

మూలస్తంభమట! రెండేళ్ల కిందట ఆ స్తంభాన్ని మెడపట్టి బయటికి గెంటింది ఎవరు? మేమే. ఒకరు నోటితో గెంటారు, ఒకరు సంతకంతో గెంటారు, నేను నోరు మూసుకుని గెంటాను. ముగ్గురం ఇంకా అక్కడే ఉన్నాం. నాకు ప్రమోషన్ కూడా వచ్చింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు దొరికితే దాన్నీ వాడేసుకుంటారు. ఇప్పటికే మొదలుపెట్టారు, ఆ సంగతి తర్వాత.

ముందు ఆయన జేబు గురించి చెప్పాలి. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక అగ్గిపెట్టె ఉండేది. బీడీ గానీ సిగరెట్టు గానీ ముట్టి ఎరగని మనిషి. మా ఆఫీసు కొత్తగూడ దగ్గర అద్దాల భవనంలో నాలుగో అంతస్తు. మూసాపేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, దిగాక షేర్ ఆటో పట్టుకుని ఆయన వచ్చేసరికి కింద సెక్యూరిటీ గార్డు చెయ్యి చాపి నిలబడేవాడు.

"అంకుల్, అగ్గిపెట్టె లోపటికి తేవద్దని ఎన్నిసార్లు జెప్పాలె?"

"యాది మరిచిన బిడ్డా. నీ దగ్గరనే పెట్టుకో."

గార్డు దాన్ని సొరుగులో పడేసేవాడు. సాయంత్రం ఇంటికెళ్తూ ఆయన టీ బండి దగ్గర ఇంకోటి కొనేవారు. మర్నాడు అదీ సొరుగులోకి వెళ్లేది. ఇద్దరిలో ఎవరికీ విసుగు పుట్టేది కాదు.

మేం చేసే పని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కుళ్లిన కూరగాయల నుంచి వచ్చే గ్యాసులో ముఖ్యంగా రెండు గాలులు కలిసి ఉంటాయి. ఒకటి పొయ్యిలో మండేది, ఇంకోటి మంటకు పనికిరాని కార్బన్ డయాక్సైడ్. ఈ రెండోదాన్ని వేరు చేయాలి. అందుకు ఏదో ఒక పాలిమర్‌ని, అంటే ప్లాస్టిక్ జాతి పదార్థాన్నో పత్తి లాంటి నారనో, సన్నని గొట్టాలుగా తీసి, గాలి తగలని కొలిమిలో మెల్లగా కాలుస్తాం. అది బొగ్గు పొరగా మారుతుంది. ఆ పొరలో కంటికి కనిపించని సందులుంటాయి. పనికిరాని గాలి వాటిలోంచి దూరి బయటికి పోతుంది, మండే గాలి లోపల మిగిలిపోతుంది. బియ్యం జల్లెడ లాంటిదే. ఏ పాలిమర్‌ని కాల్చామన్నదాన్ని బట్టి సందులు ఏర్పడతాయి కాబట్టి ఎంపికే అసలు పని. అది తప్పితే మిగతాది ఎంత బాగా చేసినా బూడిదలో పోసిన పన్నీరే.

ఎంపిక చేయడానికి నన్ను తీసుకున్నారు, పీహెచ్‌డీ ఉందని. కొలిమి నడపడానికి ఆయన్ని తీసుకున్నారు, ఐటీఐ చదివి ముప్పై ఏళ్లు కొలుముల ముందు నిలబడ్డారని.

చేరిన మొదటి వారంలోనే పన్నెండు పాలిమర్ల పట్టిక తయారు చేశాను. దేశదేశాల పరిశోధన పత్రాలు తిరగేసి, రంగులద్ది, గోడకు అంటించాను. ఆయన దాని ముందు కాసేపు నిలబడి, "ఒక్కోదాన్ల గోరంత ముక్క ఇస్తవా అమ్మా?" అన్నారు. ఇచ్చాను. టిఫిన్ డబ్బా మూతలో వేసుకుని కిందికి దిగి, ఫ్లైఓవర్ పక్కనున్న టీ బండి వెనక్కి వెళ్లారు. ఏం చేస్తారో చూద్దామని నేనూ వెళ్లాను. ఒక్కో ముక్కనీ మూతలో పెట్టి, అగ్గిపుల్ల గీసి అంటించి, వంగి, పొగను చేత్తో ముక్కు వైపు విసురుకుంటున్నారు.

"ఏంది పెద్దాయనా గా కంపు! నా గిరాకి పోతది," అని టీ బండాయన అరిచాడు.

"రెండే నిమిషాలు తమ్మీ. రెండు చాయ్ పొయ్."

కొన్ని ముక్కలు మంట తగలగానే మెత్తబడి చుక్కలు చుక్కలుగా కారిపోయాయి. కొన్ని కారలేదు. నల్లబడి ముడుచుకున్నాయి గానీ, ఉన్న ఆకారంలోనే నిలబడ్డాయి. పుల్లతో తడితే టక్కుమన్నాయి.

"జూస్తివా? కారేటియి మనకొద్దు. బట్టీల పెట్టంగనే సందులన్ని పూడుకపోతయి. కాలినా రూపు నిలబెట్టుకునేది గావాలె."

"దీనికి పైన మిషన్ ఉందండీ. ఎంత వేడికి ఎంత బరువు తగ్గుతుందో అదే చెబుతుంది," అన్నాను.

"చెప్తది. నేను గాదంటున్ననా? గానీ మిషన్‌కు వాసన రాదు గద."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆరేళ్ల నా చదువుని అగ్గిపుల్లతో కొలుస్తాడా ఈ పెద్దమనిషి అనుకున్నాను. మూడు రోజులు మిషన్ వదలకుండా కూర్చున్నాను. పన్నెండింటిలో పదకొండు ఆయన చెప్పినట్టే వచ్చాయి. ఒక్కటి తప్పింది. ఆ ఒక్కటీ పట్టుకుని పరిగెత్తుకెళ్లి చెప్పాను, ఇప్పుడేమంటారో చూద్దామని. ఆయన సంచిలోంచి పొడుగాటి నోటుబుక్కు తీశారు. జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. "ఏడో నంబరు. నా ముక్కు తప్పు" అని రాసి తారీఖు వేశారు. మిగతా పుస్తకమంతా నీలం ఇంకే. ఎరుపు తన తప్పులకు మాత్రమే. పుస్తకం తిరగేస్తే అక్కడక్కడా ఎర్ర గీతలు కనపడ్డాయి. ఇంత బాహాటంగా తన తప్పులు రాసిపెట్టుకునే మనిషిని నేను ఏ యూనివర్సిటీలోనూ చూడలేదు. ఈ ఎర్ర పెన్ను సంగతి గుర్తుపెట్టుకోండి. నేనే గుర్తుపెట్టుకోలేదు.

ఆయన మనుషుల్నీ అలాగే విడదీసేవారు. మా దగ్గర ఒక మాట, డైరెక్టర్ గారి దగ్గర ఇంకో మాట చెప్పే మేనేజర్ ఒకాయన ఉండేవాడు. ఆయన అటు వెళ్లగానే ఈయన నా వైపు వంగి, "గీయన కారే రకం" అనేవారు. నేను పడీ పడీ నవ్వేదాన్ని. ఒకసారి నవ్వుతూనే, "మరి నేనో అండీ?" అని అడిగాను.

"నిన్నింక బట్టీల పెట్టలే గద అమ్మా," అన్నారు.

కొలిమి గోపన్‌పల్లిలో, కిరాయికి తీసుకున్న షెడ్డులో ఉండేది. అక్కడ మా బృందంలో చదువుకున్నవాళ్లందరం ఒక తెలివితక్కువ పని చేసేవాళ్లం, అది తెలివైన పనే అనుకుని. కాల్చిన పొరల్ని గాలి చొరబడని గాజు డబ్బాల్లో తేమ పీల్చే గుళికలు వేసి దాచేవాళ్లం. సిలిండర్‌లోని పొడి గ్యాసుతో పరీక్షించేవాళ్లం. అంకెలు అద్భుతంగా వచ్చేవి. ఒకరి వీపు ఒకరం తట్టుకునేవాళ్లం.

ఆయన మాత్రం ప్రతి రకంలోనూ రెండు పొరలు పక్కకు తీసి, చేతులు కడుక్కునే సింకు పైన తీగ కట్టి, బట్టల క్లిప్పులతో వేలాడదీసేవారు. ఒక్కోదానికీ తారీఖు రాసిన చీటీ. కింద కుళాయి కారుతుండేది. వానాకాలం రేకుల కప్పు నుంచి చినుకులు కూడా పడేవి. ఎవరైనా బడా మనుషులు షెడ్డు చూడ్డానికొస్తే ఆ తీగ తీసేయమని మేనేజర్ గోల పెట్టేవాడు.

"సిలిండర్ గాలికి తానం పోయించి, పౌడర్ రాసి పంపిస్తరు," అనేవారు ఆయన. "మార్కెట్ యార్డుల గాలి గట్లుంటదా? కుళ్లిన టమాటల గాలి. తడి గాలి. గా తడికి మన బొగ్గు ఆగుతదా, ఆగదా? గది జూడాలె. మొదటి రోజు అంకె నాకు జెప్పకు. పెండ్లినాడు ఏ అల్లుడు చెడ్డోడమ్మా? ముప్పై దినాలైనంక చెప్పు."

ముప్పయ్యే ఎందుకని అడిగితే మూసాపేటలో తన పాత ఉద్యోగం గురించి చెప్పారు. రబ్బరు వాషర్లు చేసే చిన్న షెడ్డట. పొద్దున పరీక్షలో నెగ్గిన సరుకు నెల తిరక్కుండానే ఉబ్బిపోయి మొత్తం వాపసు వచ్చిందట. అప్పటి నుంచీ నెల చూడకుండా దేన్నీ మంచిదనడం మానేశారు.

చివరికి బరిలో రెండు మిగిలాయి. ఒకటి విదేశాల నుంచి తెప్పించిన పాలిమర్. లేత పసుపు రంగులో మెరిసేది, పేరు పలకడానికే గొప్పగా ఉండేది. ఇంకోటి పత్తి గింజల మీద మిగిలిపోయే నూగు నుంచి తీసింది. కాలిస్తే సగానికి పైగా పొగైపోతుంది, కాగితం కాలిన వాసన వేస్తుంది. మొదటి రోజు పసుపుది పత్తిని మైళ్ల దూరం వెనక్కి నెట్టేసింది. ముప్పయ్యో రోజున, సింకు పైన తీగ మీంచి తీసి పరీక్షిస్తే, పసుపుది చతికిలబడింది. పత్తిది దాదాపు ఉన్నచోటే ఉంది. ఆయన ఆ రెండు అంకెలూ చీటీ మీద రాసి, నా చేతికిచ్చి, "గీ కాలమ్ గూడ పెట్టు అమ్మా," అన్నారు. ఆ గోరంత ముక్కలు తప్ప ఆయన నన్ను అడిగింది అదొక్కటే. కలిసి పనిచేసిన మూడేళ్లలో ఇంకేమీ అడగలేదు.

పెట్టాను. పెట్టలేదని ఎవరన్నారు? పెట్టుబడి పెట్టేవాళ్ల కోసం తయారు చేసిన స్లైడులో "మొదటి రోజు" పక్కన "ముప్పయ్యో రోజు" అని చక్కగా పెట్టాను. మీటింగుకు గంట ముందు డైరెక్టర్ గారు చూశారు. మా కోస్తా మనిషే. ఎప్పుడూ గొంతు పెంచరు. అరిచేవాడైతే నేనూ అరిచేదాన్నేమో.

"చాలా బాగా చేశారమ్మా. ఈ చివరి కాలమ్ ఒక్కటీ తీసేద్దామండి. వాళ్లు అడగలేదు కదా, అడగనిది మనం చెప్పడం దేనికి? తర్వాత చూసుకుందాం."

తర్వాత చూసుకుందాం! ఆ మాట చెప్పుచ్చుకు కొట్టాల్సిన మాట. నేను "సరేనండి" అన్నాను. ఒక్క నొక్కు నొక్కితే కాలమ్ మాయమైంది. మిగతావి వాటంతటవే సర్దుకుని ఆ జాగా కూడా కనపడకుండా చేశాయి.

ఆ మీటింగులో పెద్దాయన వెనక, తలుపు పక్కన నిలబడి ఉన్నారు. స్లైడు తెర మీదికొచ్చింది. నేను అటు చూడకుండా మాట్లాడాను. అందరూ చప్పట్లు కొట్టారు. పసుపు పాలిమర్ ఎంపికైపోయింది. బయట లిఫ్టు దగ్గర ఆయన మెల్లగా అడిగారు.

"నా కాలమ్ ఏది అమ్మా?"

"స్లైడులో చోటు చాల్లేదండీ."

"చోటు చాల్లేదా," అన్నారు. "అట్లనా," అన్నారు మళ్లీ. లిఫ్టు వచ్చింది. నేను ఎక్కాను, ఆయన మెట్లు దిగి వెళ్లారు.

తొలకరికి కూరగాయల మార్కెట్ యార్డులో మా యంత్రం పెట్టారు. రెండు వారాలు ఫొటోలు దిగాం. ఐదో వారానికి గ్యాసు మండడం మానేసింది. పొరల్లోకి తడి ఎక్కి సందులు మూసుకుపోయాయి. ఆయన చెప్పిందే జరిగింది. ఆయన సింకు దగ్గర చూసిందాన్నే మేం జనం ముందు చూశాం.

మమ్మల్ని చిన్న మీటింగు గదిలో కూర్చోబెట్టారు. పెట్టుబడి పెట్టినవాళ్లకి ఒక కారణం కావాలి. పదార్థం ఎంపిక తప్పంటే కంపెనీ పరువు పోతుంది. "కొలిమిలో వేడి పెంచడంలో పొరపాటు జరిగినట్టుంది," అన్నారు డైరెక్టర్ గారు, అదే మెత్తటి గొంతుతో. మేనేజర్ తలూపాడు. పెద్దాయన లేవలేదు, అరవలేదు. నోటుబుక్కు తెరిచి బల్ల మధ్యకు తోశారు.

"గిండ్ల ఎర్ర ఇంకు ఏడుంటే ఆడ సూపియ్యుండ్రి."

ఒక్కరూ పుస్తకం ముట్టుకోలేదు. ఆ వారాల పేజీలన్నీ నీలంగా ఉన్నాయి. ఆ మనిషి తప్పు చేసుంటే మా అందరికన్నా ముందు ఆయనే ఎర్రగా రాసుకుని ఉంటాడని ఆ గదిలో తెలిసింది నాకొక్కదానికే. డైరెక్టర్ గారు నా వైపు తిరిగారు. "మీరేమంటారండి?"

ఆయన కూడా నా వైపు చూశారు.

"చూడాలండి," అన్నాను.

చూడాలండి! ఏం చూడాలి? నా కళ్లతో చూసిందాన్ని, నా చేత్తో చెరిపిందాన్ని, ఇంకేం చూడాలి? ఇప్పటికీ బండి నడుపుతుంటే, పళ్లు తోముకుంటుంటే ఆ మాట గుర్తొచ్చి పైకే నన్ను నేను తిట్టుకుంటాను. ఆయన నోటుబుక్కు మూసి, టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయారు. రిపోర్టులో "ఆపరేటర్ పొరపాటు" అని రాశారు. ఆ రిపోర్టు వల్ల ఇంకే ల్యాబూ ఆయన్ని తీసుకోలేదు. మళ్లీ మూసాపేటలో రబ్బరు షెడ్డుకే వెళ్లారని విన్నాను. ఫోను చేద్దామని నంబరు చాలాసార్లు తీశాను. చేయలేదు.

ఇంకో సిగ్గులేని సంగతి కూడా వినండి. ఆ తర్వాత ఆరు నెలలకు కంపెనీ చడీచప్పుడు లేకుండా పత్తి నూగుకే మారింది. ఇప్పుడు మా బ్రోషర్ మీద పత్తికాయ బొమ్మ ఉంటుంది. "తేమను తట్టుకునే దేశీ పదార్థం" అని రాసి ఉంటుంది. రాసింది నేనే. నా ప్రమోషన్ దానికే.

మొన్న గుండెపోటుతో పోయారు. ఆఫీసులో సంతాప సభ అన్నారు. వెళ్లాను. కింద అదే గార్డు నన్ను ఆపాడు. సొరుగు తెరిచి చూపించాడు. అంచుల దాకా అగ్గిపెట్టెలు.

"అన్ని అంకుల్‌వే మేడమ్. పారెయ్యబుద్ధి గాలే. వాళ్ల బిడ్డ వచ్చిందట గద, ఇయ్యాల్నా?"

"ఇవ్వు," అన్నాను.

పైన ఆయన కూతురు ముందు వరసలో కూర్చుని ఉంది. మూసాపేటలో బడి టీచరట. నన్ను పక్కన కూర్చోబెట్టారు. డైరెక్టర్ గారు మైకు పట్టుకుని కళ్లు తుడుచుకుంటున్నారు. ఆయన సేవలకు గుర్తుగా చిన్న మీటింగు గదికి ఆయన పేరు పెడుతున్నాం అన్నారు. ఆ గదికే! ఏ గదిలో ఆయన్ని దొంగను చేసినట్టు చేశారో ఆ గది తలుపు మీద ఆయన పేరు! అందరూ చప్పట్లు కొడుతుంటే ఆ అమ్మాయి నా వైపు వంగింది.

"మీరే గదా మేడమ్, నాయినతోని పనిజేసింది? జర ఒక్క మాట అడుగుత. నాయిన నిజంగనే బట్టీల తప్పు జేసిండా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"ఇంట్ల ఎన్నిసార్లడిగినా 'మేడమ్‌కు ఎరుకే' అనేటోడు. మరి గా మేడమ్ ఎందుకు జెప్పలే అంటే, 'ఇంక నెల గాలే గద బిడ్డా, జూద్దాం' అన్నడు. నెలైనంక నేను మల్ల అడగలే. ఆయన గూడ ఎత్తలే."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. డైరెక్టర్ మీద వచ్చింది, నా మీద వచ్చింది, ఆయన మీద కూడా వచ్చింది. నన్ను నమ్మమని ఎవరు చెప్పారు ఆయనకి? లిఫ్టు దగ్గర అబద్ధమాడినప్పుడే చెంప పగలగొట్టి ఉండాల్సింది. నాకూ ముప్పై రోజులు గడువిచ్చి ఎదురుచూస్తాడా!

"మేడమ్ గారు రెండు ముక్కలు మాట్లాడతారు, క్లుప్తంగా," అని డైరెక్టర్ గారు మైకు నా చేతికిచ్చారు.

క్లుప్తంగానే మాట్లాడాను. కొలిమిలో ఏ తప్పూ జరగలేదన్నాను. తప్పు పదార్థం ఎంపికలో జరిగిందని, అది తడికి ఆగదని ఆయన ముందే ముప్పయ్యో రోజు అంకె రాసి నా చేతికిచ్చారని చెప్పాను. రెండు అంకెలూ చదివాను. చీటీ నా దగ్గరే ఉంది, రెండేళ్లుగా పర్సులోనే ఉంది. తీసేయమన్నది ఎవరో, తీసేసింది ఎవరో చెప్పాను. మనం ఇవాళ అమ్ముకుంటున్న పత్తి ఆయన ఎంచింది అన్నాను. "ఇది సందర్భం కాదండి," అంటూ డైరెక్టర్ గారు లేచారు. మేనేజర్ వచ్చి మైకు ఆపేశాడు. అప్పటికి చెప్పాల్సింది అయిపోయింది. అప్పుడు మాత్రం ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

కిందికి దిగేసరికి ఆ అమ్మాయి ఆటో కోసం చూస్తూ రోడ్డు పక్కన నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాని నిండా అగ్గిపెట్టెలు. దగ్గరికి వెళ్లాను. ఏదో మంచి పని చేసి వచ్చినట్టు నా ముఖం ఎలా ఉందో ఏమో. ఆమె నా వైపు తిరిగింది. కోపంగా కూడా చూడలేదు.

"గీ మాట నాయిన ఉన్నప్పుడు జెప్తే ఏమయ్యేది మేడమ్?" అంది.

ఈమెకు కూడా చోటు చాల్లేదని చెప్పనా?